పులుపు లేని కారం

నేను ఒక పోపు గరిటెను. ఇనుప గరిటెను. అరచేతిలో ఇమిడేంత గుంట, మూరెడు పిడి, పిడి చివర మేకుకు తగిలించుకోవడానికి ఒక కొక్కెం, ఇదీ నా రూపం. ఇంట్లో మిగతా గరిటెలు పప్పు కలుపుతాయి, పాయసం వడ్డిస్తాయి, పెళ్ళిళ్ళకు ఎరువు పోతాయి, నాలుగిళ్ళ ముచ్చట్లు విని వస్తాయి. నాకా భాగ్యం లేదు. నూనె కాగాలి, ఆవాలు చిట్లాలి, మిరపకాయ నల్లబడకముందే నన్ను దించి చుయ్యిమని కూరలో ముంచాలి. అంతటితో నా పని అయిపోయినట్టే. ఆ కాసేపటి కోసం మిగతా రోజంతా గోడకు వేలాడుతూ ఉండడమే నా బతుకు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాకు వాసన తెలియదు. ఇనుముకు ముక్కెక్కడిది? వీధిలో పోయేవాళ్ళు ఆగి "ఎవరింట్లోనో పోపు, ఎంత బాగుందో" అంటే అది నా ఘనతేనని పొంగిపోయేదాన్ని. కానీ ఆ బాగుండడం ఏమిటో నాకు ఎప్పుడూ తెలిసిరాలేదు. తుమ్ములను బట్టి, కళ్ళనీళ్ళను బట్టి, పక్కింటివాళ్ళ తిట్లను బట్టి నా పని కుదిరిందో లేదో ఊహించుకోవలసిందే.

పలమనేరు వైపు ఒక పల్లెలో వీరాచారి కొలిమిలో పుట్టాను. అంతకుముందు ఎద్దులబండి చక్రానికి పట్టాగా ఉండేదాన్నట. లోకమంతా తిరిగిన ఇనుమును తెచ్చి, కాల్చి, సాగగొట్టి, ఒకచోట వేలాడే వస్తువుగా మార్చాడు. ఎర్రగా ఉన్న నన్ను నీళ్ళలో ముంచినప్పుడు చుయ్యిమన్నాను. పక్కన తిత్తి లాగుతున్న అతని భార్య నవ్వి, "పుట్టంగానే కూత నేర్చేసింది సూడు" అంది.

సంతలో నన్ను కొన్నది రుక్కమ్మ. బస్టాండు ఎదురుగా ఆమెకు చిన్న భోజనాల అంగడి ఉండేది. లారీ డ్రైవర్లు, సంతకు వచ్చిన రైతులు, బస్సు తప్పిపోయినవాళ్ళు అక్కడ తినేవారు. రుక్కమ్మ కొట్టినట్టే మాట్లాడేది, అమ్మలాగే వడ్డించేది. ఆమె చేతిలో నాకు తీరిక ఉండేది కాదు. పప్పుకు ఒకసారి, చారుకు ఒకసారి, మజ్జిగకు ఒకసారి. మిరపకాయల ఘాటుకు తినేవాళ్ళంతా దగ్గేవాళ్ళు, తిట్టేవాళ్ళు, మళ్ళీ అన్నం పెట్టించుకొనేవాళ్ళు. మనుషులు తమను ఏడిపించినదాన్నే ఎందుకు మళ్ళీ అడుగుతారో నాకు అంతు పట్టేది కాదు.

రుక్కమ్మ పోయింది. బస్టాండు ఊరి బయటికి పోయింది. అంగడి మూతపడింది. ఆమె కొడుకు పట్టాభి పెద్ద గిన్నెలన్నీ అమ్మేసి, వచ్చినదానితో నూడుల్స్ బండి పెట్టుకున్నాడు. నన్ను మాత్రం అమ్మలేదు. ప్రేమతో ఉంచుకున్నాడని చెప్పుకోవాలని ఉంది గానీ, పాతసామాను వాడు ఎంచేటప్పుడు నేను తలుపు వెనక ఉండి కనబడలేదు, అంతే. తర్వాత ఎప్పుడో దొరికితే తెచ్చి బండి కప్పు కింద మేకుకు తగిలించాడు.

నూడుల్స్ బండి మీద పోపు గరిటెకు ఏం పని? అక్కడ రాజ్యమంతా సీసాలది. ఎర్ర సీసా, పచ్చ సీసా, నల్ల సీసా, వాటి పక్కన నీళ్ళలా తేటగా ఉండే తెల్ల సీసా. ఆ తెల్ల సీసాలోనిది వెనిగర్. బాండ్లి కింద మంట భగ్గుమనేది, పట్టాభి చెయ్యి సీసా నుంచి సీసాకు గంతులేసేది, పిలకాయలు చప్పరిస్తూ తినిపోయేవారు. నేను పైన దుమ్ము పట్టి, తుప్పు చుక్కలు పడి, వానకు తడిసి, ఎండకు ఆరేదాన్ని. పట్టాభికి పెళ్ళి కుదరలేదు. నలభై దాటింది. బండి దగ్గర ఎందరున్నా అతను మాట్లాడే మాటలు మూడే: "ఎగ్గా? వెజ్జా? పార్సెలా?"

బండి పెట్టుకున్న నాలుగు రోడ్ల క్రాసు దగ్గరే సాయంత్రంపూట ఒక కంపెనీ బస్సు ఆగేది. ఊరికి దూరంగా ఒక ఫ్యాక్టరీ ఉంది. వేలెడంత దోసకాయలను వెనిగర్‌లో ఊరబెట్టి, డ్రమ్ములకెత్తి విదేశాలకు పంపుతారు. ఇక్కడివాళ్ళు వాటిని తినరు, తినేవాళ్ళకు ఈ ఊరు తెలియదు. బస్సు దిగిన ఆడవాళ్ళంతా గబగబా ఇళ్ళకు పోయేవారు. ఒకామె మాత్రం ఎప్పుడూ నిలబడిపోయేది. ఇంటికి పోయి చేసేదేముందని ఆలోచిస్తున్నట్టు ఉండేది ఆ నిలబడడం.

ఆమె పేరు దేశమ్మ. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఒక మిద్దె పక్కన రేకుల గదిలో అద్దెకు ఉండేది. ఒక్కదానికోసం పొయ్యి వెలిగించడం కంటే పస్తుండడమే సులువని ఆమెకు అలవాటైపోయింది. ఒక సాయంత్రం ఆకలి గెలిచినట్టుంది, బండి దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఒక ప్లేటు. రొంత కారంగా చెయ్యి. ఆ తెల్ల సీసా మాత్రం పొయ్యొద్దు."

పట్టాభి తల ఊపాడు. తెల్ల సీసా పక్కనబెట్టి, కారం కావాలంది కదా అని ఎర్ర సీసా రెండుసార్లు వంచాడు. ఆమె ఒక్క ముద్ద నోట్లో పెట్టుకొని ఆగిపోయింది.

"ఎనిగరు ఏసినావు గదన్నా."

"లేదు మా. నీ ముందరే గదా చేస్తి."

"ఏసినావు. నాకు తెలీదా? పొద్దస్తమానం దాంట్లోనే మునిగి తేలతా ఉండా."

పట్టాభి ఎర్ర సీసా తిప్పి దాని మీది చిన్న అక్షరాలు చదివాడు. ఆమె మాట నిజమే. పచ్చ సీసాలోనూ ఉంది. కోసిపెట్టిన పచ్చిమిరపకాయలు కూడా వెనిగర్‌లోనే నానుతున్నాయి. ఇన్నాళ్ళూ కారమని అతను అమ్మినదంతా సగం పులుపేనని అతనికి అప్పుడే తెలిసింది.

"నీకు పులుపు పడదా మా?"

"పులుపు పడకేం? చింతపండు చారు గిన్నెడు తాగేస్తా. చింతపండు నోట్లో ఉంటాదన్నా. ఇది ముక్కులో ఉంటాది. నీళ్ళు పోసుకున్నా పోదు, తలకి అంటుకోని ఉంటాది. బస్సులో నా పక్కన ఎవురూ కూర్చోరు. అన్నం తిన్నా అదే, నిద్దరపోయినా అదే. నాకు వట్టి కారం కావల్ల. ఇంకేమీ వద్దు."

అతను ఉత్త కారప్పొడి చల్లి ఇచ్చాడు. ఆమెకు పొరబోయింది. పచ్చివాసన అంది. ప్లేటు సగంలో పెట్టేసి పోయింది. పోతున్న ఆమె వైపు అతను చాలాసేపు చూశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళను "ఎగ్గా? వెజ్జా?" అని కూడా అడగలేదు.

మరునాడు పట్టాభి ఎండుమిరపకాయలు, మా వైపు తెల్లగడ్డలనే వెల్లుల్లిపాయలు పొట్లం కట్టుకొని వచ్చాడు. నన్ను మేకు నుంచి దించాడు. ఇటుకపొడితో తోమాడు. మనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్ళైందో! బస్సు చప్పుడు వినబడగానే నాలో శనగనూనె పోసి మంట మీద పెట్టాడు. తల్లి చేసినట్టే చేశాడు. ముందు తెల్లగడ్డ రెబ్బలు, అవి ఎర్రబడ్డాక తుంచిన మిరపకాయలు, చివర కరివేపాకు. ఉడికిన నూడుల్స్ మీద నన్ను బోర్లించాడు. చుయ్యిమన్నాను. చుట్టూ ఉన్న పిలకాయలంతా దగ్గారు. నాకు ఆ దగ్గులు పాటలా వినిపించాయి.

దేశమ్మ తింది. నుదుట చెమట పట్టింది, ముక్కు కారింది, కళ్ళు ఎర్రబడ్డాయి. ప్లేటు ఖాళీ చేసింది.

"ఎట్లుండాది మా?" అని పట్టాభి అడిగాడు. అతను ఎవరినైనా ఆ మాట అడగడం నేను వినడం అదే మొదటిసారి.

"మా ఇంట్లో తిన్నెట్లుండాది," అంది ఆమె. కొంగుతో మొహం తుడుచుకొని మళ్ళీ అంది: "ఏ ఇల్లో చెప్పలేనన్నా. ఏదో ఒకిల్లు."

అప్పటినుంచి సాయంత్రాలు నాకు పని దొరికింది. ఆమె ఒక్క ప్లేటుకే నేను కిందికి దిగేదాన్ని. ఆమె బండి పక్కన ఎత్తు పీట మీద కూర్చొని తినేది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. "ఈ పొద్దు బస్సు లేటా?" "అవునన్నా." "వానొచ్చేట్టుంది." "రానీలే." అన్నా అనే పిలుపును ఆమె గోడలా మధ్యలో కట్టుకుంది. మనుషులకు ఇదొక సౌకర్యం. గోడ కట్టుకున్నాక దానికి ఆనుకొని నిశ్చింతగా కూర్చోవచ్చు.

వేసవిలో ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగింది. నీళ్ళు కలపకముందుండే చిక్కటి వెనిగర్ సరుకు డ్రమ్ము ఒకటి జారి, మూసిన గదిలో పగిలింది. లోపల ఉన్నది దేశమ్మ. బయటికి లాగేటప్పటికి స్పృహ లేదట. ఈ సంగతి పట్టాభికి ఆమెతో పనిచేసే కన్నెమ్మ చెప్పింది. అతను ఆసుపత్రికి పోలేదు. ఏమౌతావని అడిగితే ఏం చెప్పాలో తెలియక, బండి కడిగి, మళ్ళీ కడిగి, అక్కడే ఉండిపోయాడు.

ఆమె మళ్ళీ బస్సు దిగేటప్పటికి వానలు మొదలయ్యాయి. చిక్కిపోయింది. ఆ ఘాటుకు దెబ్బతిన్న కళ్ళు మాత్రం బాగయ్యాయి. పట్టాభి ఆ రోజు నన్ను మామూలుకంటే శ్రద్ధగా కాచాడు. తెల్లగడ్డ రెబ్బలు ఎక్కువ వేశాడు. ఆమె నాలుగు ముద్దలు తిని చెంచా కింద పెట్టింది.

"అన్నా, ఈ పొద్దు తెల్లగడ్డ మర్చిపోయినావా?"

ప్లేటు నిండా ఎర్రటి రెబ్బలు కనబడుతూనే ఉన్నాయి. పట్టాభి ప్లేటు వంక, ఆమె వంక చూశాడు. ఆమె ఒక రెబ్బ వేళ్ళతో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మెల్లిగా దించింది.

"డాక్టరు చెప్తానే ఉన్నాడు. నేనే నమ్మలే," అంది. "నోరు మండతా ఉంది. అంతే. ఇంకేమీ తెలీలేదు. ఆ పాడు వాసన పోతే చాలు దేవుడా అని మొక్కుకుంటి. అది పోతా పోతా అన్నిట్నీ ఎత్తుకోని పోయిందన్నా."

కారం వాసన కాదు, మంట. మంటకు ముక్కుతో పనిలేదు. అందుకే ఆమెకు అదొక్కటే మిగిలింది. ఆమె దాన్నే పట్టుకుంది. ఇంకో మిరపకాయ వెయ్యమంది. మరుసటివారం ఇంకో రెండు. పట్టాభి వేశాడు. వద్దనడానికి అతనికి నోరు రాలేదు. నాలో నూనె కంటే మిరపకాయలు ఎక్కువయ్యాయి. తినేటప్పుడు ఆమె మొహంలో తృప్తి కనబడేది కాదు. ఏదో తలుపు తడుతున్న మనిషిలా, వినిపించిందా వినిపించిందా అన్నట్టు ఉండేది. ఒకరోజు సగంలో పొట్ట పట్టుకొని పీట మీంచి కిందికి జారింది. కన్నెమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమయ్యా, చంపేస్తావా దాన్ని? కడుపులో పుండ్లని డాక్టరు మందులిచ్చినాడు, చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. మరునాడు దేశమ్మ వచ్చినప్పుడు పట్టాభి నన్ను దించలేదు.

"ఇంక కారం ఎయ్యను మా. పెరుగన్నం తిను, ఇంటినించి తెచ్చినాను."

"పెరుగన్నమేంది, మట్టేంది, రెండూ ఒకటే నాకు. నువ్వు పోపు పెట్టు."

"పెట్టను."

ఆమె నిలబడింది. గొంతు పెద్దది చేయలేదు. "నాకు మిగిలిందే అదొకటి. దాన్ని గూడా పీక్కుంటావా?" అని వెళ్ళిపోయింది.

తర్వాత చాలా రోజులు బస్సు ఆగేది, ఆమె దిగి రోడ్డు అవతలి పక్కనుంచి పోయేది. అప్పుడే ఇంకో మాట తెలిసింది, కంపెనీ ఆమెను మాన్పించబోతోందని. కాయ చెడిందో లేదో వాసన చూసి ఏరాలట, ముక్కు పనిచేయని మనిషి వాళ్ళకు అక్కరకు రాదట. ఆ ముక్కు ఎక్కడ పోయిందో వాళ్ళు అడగలేదు. తీసుకున్నదాన్ని మరిచిపోవడం మనుషులకు బాగా వచ్చు.

ఒక ఆదివారం పొద్దున పట్టాభి నన్ను, చిన్న స్టవ్వును, ఒక గిన్నెలో పప్పన్నాన్ని సంచిలో వేసుకొని దేశమ్మ గదికి పోయాడు. ఆమె తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా గడపలోనే నిలబడింది. ఒంటరి ఆడమనిషి ఇల్లు, చుట్టూ కళ్ళు. అతనికీ తెలుసు. గడప ఇవతల, ఎండలో, మెట్టు మీదే స్టవ్వు పెట్టాడు.

"కూర్చో మా. నేను చెప్తా, నువ్వు విను," అన్నాడు. నాలో నూనె పోశాడు. "నూనె కాగతా ఉంది. వేరుశనక్కాయలు కొత్తగా పెరికినప్పుడు చేలో ఎట్లుంటాది? అట్లుంది... ఇదో, ఆవాలు. ఆవాలకి నిండా వాసన లేదు, చప్పుడే... ఇప్పుడు తెల్లగడ్డ ఏస్తా ఉండా. పచ్చిగా ఉంది, ఇంకా పచ్చిగానే ఉంది. ఆ, ఎర్రబడింది. ఇప్పుడు తియ్యగుంది. మా యమ్మ అంగట్లో మధ్యాన్నం తలుపు తీస్తే వచ్చేది సూడు, అది. కరేపాకు... వాన పడి నిలిచినంక తోట్లో నడిస్తే వచ్చేది. ఎండుమిరక్కాయ ఒకటే ఏస్తా. ఒకటే. ఇది పొగాకు కాల్చే బేరన్ దగ్గర నిలబడినట్టుంది."

ఇన్నేళ్ళూ నా గుంటలో ఏం జరుగుతోందో నేనూ అప్పుడే తెలుసుకున్నాను. వేరుశనగ చేను, మధ్యాహ్నపు తలుపు, వాన తర్వాతి తోట, ఇవన్నీ నాలోంచి పుట్టి గాలిలో కలిసిపోయాయన్నమాట. ముక్కు లేనివాళ్ళం ఇద్దరం, నేనూ ఆమే, కదలకుండా విన్నాం.

అతను పప్పన్నం మీద నన్ను బోర్లించి గిన్నె ముందుకు జరిపాడు. దేశమ్మ నెమ్మదిగా తింది. మధ్యలో ఆగి అడిగింది:

"అబద్ధాలు చెప్తా ఉండావు గదన్నా?"

"కొన్ని," అన్నాడు పట్టాభి.

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. గిన్నె మాత్రం ఖాళీ చేసింది.

ఉద్యోగం పోయాక కన్నెమ్మే ఆమెకు హోసూరు వైపు ఒక గులాబీల షెడ్డులో పని చూసింది. పూలు కోసి, కట్టలు కట్టి, పెట్టెల్లో పెట్టాలి. అక్కడే గది ఇస్తారు. బస్సు ఎక్కించడానికి పట్టాభి వచ్చాడు. ఏదో అడగాలని వచ్చాడు, అది నాకు తెలుసు, ఎందుకంటే పొద్దున్నుంచి నన్ను తోముతూనే ఉన్నాడు. చివరికి కాగితంలో చుట్టిన నన్ను ఆమె చేతిలో పెట్టి, "మా యమ్మది. నీ దగ్గర ఉండనీ," అన్నాడు. "నీకో?" అంది. "నాకు సీసాలుండాయి గదా," అన్నాడు. బస్సు కదిలింది. అడగాల్సిన మాట అతని దగ్గరే ఉండిపోయింది.

గులాబీల ఊళ్ళో దేశమ్మను అందరూ అదృష్టవంతురాలనేవారు. రోజంతా ఆ పరిమళంలో ఉండడమంటే మాటలా అనేవారు. ఆమె అవుననేది. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ షెడ్డులో పక్కన కూర్చునేవాళ్ళున్నారు, మాట్లాడేవాళ్ళున్నారు. అయినా గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాక ఆమె నన్ను చేతిలో పట్టుకొని వెలిగించని పొయ్యి ముందు చాలాసేపు కూర్చునేది. కడుపు నయమైంది. ఒక్క మిరపకాయతో సరిపెట్టుకొనేది. ఏ రుచీ తెలియని అన్నాన్ని మనిషి ఒక్కతే కూర్చొని తినడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. నమిలేది, మింగేది, గోడ చూసేది.

ఒకరోజు నన్ను మంట మీద పెట్టి, మరిచి బియ్యం కడగడానికి బయటి కొళాయి దగ్గరికి పోయింది. నూనె మాడింది, మిరపకాయ బొగ్గయింది, నాలో మిగిలిన నూనెకు నిప్పంటుకుంది. ఇంకెవరైనా అయితే ఆ కమురుకు వీధి చివరినుంచి పరుగెత్తుకొచ్చేవారు. ఆమె గుమ్మానికి అవతలే నిలబడి బియ్యం కడుగుతూ ఉంది. పక్కగది ఆమె అరుస్తూ వచ్చి, చెంబుడు నీళ్ళు నా మీద కుమ్మరించింది. ఏళ్ళ తుప్పుకు పలచబడి, ఎర్రగా కాలిన గుంట టప్పుమని నిలువునా పగిలింది.

ఆ సాయంత్రం దేశమ్మ పట్టాభికి ఫోన్ చేసింది.

"మీ యమ్మ గరిటె పగిలిపాయె. మాడేది తెలుసుకోలేకపోయినా."

"గరిటె పోతే పోనీ. నీకేమన్నా అయిందా?"

"ఏమీ కాలేదు."

అవతల బాండ్లి చప్పుడు ఆగింది. "ఒక్కదానివే ఉండావు. మాడితే ఎవురు చెప్తారు మా నీకు?"

దేశమ్మ పగిలిన నన్ను ఒళ్ళోకి తీసుకుంది. అతనే అన్నాడు: "పొయ్యి వెలిగించేటప్పుడు నాకు ఫోన్ చెయ్యి. పక్కన పెట్టుకో. చప్పుడు ఇని చెప్తా."

ఇప్పుడు ఆమె దగ్గర సంతలో కొన్న స్టీలు పోపు గరిటె ఉంది. పలచనిది, తళతళ మెరుస్తుంది, తొందరపడుతుంది. నేను అటక మీద పాత డబ్బాల మధ్య ఉన్నాను. పగిలిన గుంటలో నూనె నిలవదు కాబట్టి నన్నెవరూ దించరు. పారేయలేదు కూడా. పైనుంచి అన్నీ వినబడతాయి.

సాయంత్రం ఆమె ఫోను గోడకు ఆనించి పొయ్యి వెలిగిస్తుంది. అవతల బండి దగ్గర ఎవరో ఎగ్గు అడుగుతుంటారు, పట్టాభి వాళ్ళను ఉండమంటాడు. ఆవాలు చిటపటమంటాయి. అతను వింటాడు. "ఇంకా రొంతసేపు," అంటాడు. "ఇప్పుడు తెల్లగడ్డ ఎయ్యి." మళ్ళీ వింటాడు. "చాలు, దించు."

ఆమె దించుతుంది. ఈ మధ్య అన్నా అనడం మానేసింది. బదులుగా ఏమని పిలవాలో తేల్చుకోలేదో ఏమో, ఏమీ పిలవదు. దించినానని మాత్రం చెప్తుంది.